తడి భత్యం

ధర్మవిలాస జూట్ మిల్లులో కప్పు కారడాన్ని ఎవరైనా లోపం అంటే కార్మికులు ఊరుకోరు. అది వాళ్లు పోరాడి సాధించుకున్న హక్కు. కొత్తగా చేరినవాళ్లకి ఈ సంగతి తలకెక్కడానికి కొంతకాలం పడుతుంది. సన్యాసమ్మకి మాత్రం చేరిన మొదటి వానాకాలంలోనే ఎక్కింది, ఎందుకంటే ఆ కారేది సరిగ్గా ఆమె మాడు మీద.

ఆమె పని గోనె సంచుల మూతులు కుట్టడం. షెడ్డులో కిటికీ వారగా ఆమె మిషను, పక్కన గున్నమ్మ మిషను, ఆ వెనక మరో ఇద్దరివి. ఈ నాలుగింటి మీదా రేకు పగిలి ఉంది. చినుకు పడితే చాలు, బయట వాన వెలిసిన తరవాత కూడా లోపల తీరిగ్గా కురుస్తూనే ఉండేది. రేకు మార్చమని అప్పట్లో అడిగారు. మరమ్మతుల పద్దులో డబ్బు లేదు, సంక్షేమం పద్దులో ఉంది అన్నది యాజమాన్యం. అందుచేత ఆ ఏటి వేతన ఒప్పందంలో రేకు మార్చడానికి బదులు రేకు కింద కూర్చున్నవాళ్లకి నెలనెలా ‘తడి భత్యం’ ఇస్తామని రాశారు. యూనియన్ కార్యదర్శి జగ్గారావుని ఆరోజు భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. సన్యాసమ్మ కూడా తడిబట్టలతోనే ఊరేగింపు వెంట నడిచింది.

ఆ భత్యంతో ఆమె ఇంట్లో పాలఖర్చు గడిచిపోయేది. దాంతోపాటు వచ్చిన రొంప మాత్రం పోలేదు. ఏడాది పొడవునా తుమ్ములే.

తుమ్మితే తుమ్మింది, అందరూ తుమ్మరా అంటారేమో. సన్యాసమ్మ తుమ్ముతో ఉన్న చిక్కేమిటంటే దానికి జంట రాదు. ఎప్పుడూ ఒంటి తుమ్మే. రెండోది వస్తే దోషం పోతుందని, వచ్చేదాకా అందరూ నోరు తెరుచుకుని ఆమె ముక్కువంకే చూసేవారు. అది రాదు. కూరగాయల బండి తోసుకుని బయల్దేరబోయే ఆమె మొగుడు గవరయ్య రోజూ వెనక్కొచ్చి, అరుగు మీద కూర్చుని, గ్లాసుడు మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరేవాడు. పెళ్లిచూపులకీ శంకుస్థాపనలకీ ఆమెని ఎవరూ పిలిచేవారు కారు. మిల్లులో కొత్త మిషను పూజ జరిగే రోజున సూపరువైజరే దగ్గరుండి ఆమెకి సెలవిచ్చి పంపేవాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆమె ఛాతీ మీద గొట్టం పెట్టి విని ముఖం చిట్లించింది. “మందులు ఎన్ని మింగినా లాభం లేదు. ముందు తల ఆరనివ్వు. ఇలాగే తడిస్తే ఈ రొంప ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అప్పుడు మిల్లు మానేసి మంచం ఎక్కుతావు,” అంది.

సన్యాసమ్మకి భయం వేసింది. మంచం ఎక్కితే ఇల్లెలా గడుస్తుంది? తల పొడిగా ఉంటే చాలు, దేవుడా, ఇంకేమీ అడగను అనుకుంది.

దేవుడు విన్నాడో ఏమో, వేసవి మొదట్లో మిల్లుకి చక్రధర్ అనే కొత్త మేనేజరు వచ్చాడు. రాగానే షెడ్లన్నీ చూడబోయాడు. అకాలంగా కురిసిన జల్లులోంచి ఓ చుక్క ఆయన చేతిలోని ఫైలు మీద టప్పున పడింది. సిబ్బందిలో ఎవరైనా ఆయనకి హక్కుల చరిత్ర చెప్పే లోపలే “ఇదేంటి, రేకు మార్చండి” అనేశాడు. ఇన్నేళ్లూ మారని రేకు ఆ మధ్యాహ్నమే మారిపోయింది.

మర్నాడు సన్యాసమ్మ జడలో కనకాంబరాల దండ పెట్టుకుని పనిలోకి వచ్చింది. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు కూడా పూలు పూలలాగే ఉన్నాయి. దారిపొడవునా చేత్తో తడిమి చూసుకుంది. చాలా రోజుల తరవాత ఆమెకి హాయిగా అనిపించింది.

ఆ హాయి ఎక్కువ రోజులు నిలవలేదు. గేటు దగ్గర కాగితం అంటించారు. ‘కప్పు కారుట నిలిచిపోయినందున, సదరు కారుటకు సంబంధించిన తడి భత్యము నిలుపుదల చేయడమైనది.’

జగ్గారావు వెంటనే గేటు ముందు స్టూలెక్కాడు. తెల్లటి లాల్చీ, మెడలో ఎర్ర తువ్వాలు, మైకు అక్కర్లేని గొంతు.

“కామ్రేడ్స్! మన నెత్తిమీద కప్పు బాగుచేశారు! ఇంతకంటే ద్రోహం ఉందా? ఇది మన తాతలనాటి... కాకపోయినా మన హయాంలో సాధించుకున్న చుక్క! ఈ రోజు చుక్క ఆపినవాళ్లు రేపు మన వేడిని ఆపరని ఏంటి నమ్మకం? మన దుమ్ముని తుడిచెయ్యరని ఏంటి గ్యారంటీ?”

జనం ఉలిక్కిపడ్డారు. ఎందుకంటే దుమ్ము భత్యం, వేడి భత్యం కూడా ఉన్నాయి. “మా చుక్క మాకే!” అని నినాదాలు మొదలయ్యాయి.

మీటింగు అయ్యాక సన్యాసమ్మ మెల్లిగా జగ్గారావు దగ్గరికి వెళ్లింది.

“జగ్గారావు బాబూ, నాకా డబ్బులొద్దు. పోతే పోనియ్యండి. తల పొడిగుంది, అదే సాలు నాకు.”

జగ్గారావు ఆమె భుజం తట్టాడు. “అమ్మా సన్యాసమ్మా, నువ్వు నీ గురించే ఆలోచిస్తన్నావు. ఇన్నాళ్లూ నువ్వు తడిసింది నీ కోసమేటి? మొత్తం కార్మికవర్గం తరఫున తడిశావు. ఇప్పుడు నువ్వు పొడిగుంటానంటే సరిత్ర ఒప్పుకోదు.”

చరిత్ర ఒప్పుకోకపోవడం ఎలా ఉంటుందో ఆమెకి తెలీదు కానీ, జగ్గారావు ఒప్పుకోకపోవడం ఎలా ఉంటుందో తెలుసు. సంచులు కుట్టుకోడానికి వెళ్లిపోయింది.

వ్యవహారం లేబర్ ఆఫీసరు మార్కండేయులు గారి ముందుకి వెళ్లింది. ఆయన వారగా తిరిగిన మీసంతో, మూడు రంగుల సిరా కలాలతో ఉంటారు. ఏ విషయమైనా ఇరువైపులా సగం సగం విని, మిగతా సగం చట్టంలో చూసుకునే మనిషి. రెండువైపులా అరుస్తూ ఉంటే చట్టం తెరిచి, వేలు పెట్టి, తల ఎత్తారు.

“ఆచారపూర్వకముగా అనుభవించుచున్న సౌకర్యమును యాజమాన్యము ఏకపక్షముగా తొలగించరాదు. కారుట ఒక సౌకర్యము. చర్చలు ముగియువరకు యథాతథస్థితి పాటించవలెను. అనగా కప్పు కారవలెను.”

“సార్, కొత్త రేకు వేసేశాం కదా,” అన్నాడు చక్రధర్.

“చిల్లు పెట్టండి.”

“పెట్టినా ఇది నడివేసవి సార్. వాన లేదు.”

మార్కండేయులు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “వాన కురిపించుట యాజమాన్యము బాధ్యత కాదు. ఒప్పుకొంటాను. కారించుట మాత్రం యాజమాన్యము బాధ్యతే. నీటిని ఏర్పాటు చేయండి.”

అలా కొత్త రేకుకి నాలుగు చిల్లులు పడ్డాయి. కాంటీనులో గిన్నెలు తోమే పోలయ్యని షెడ్డు పైకి ఎక్కించి, ‘కప్పు జల నిర్వహణ సహాయకుడు’ అని పేరు పెట్టి, చేతికి బకెట్టూ చెంబూ ఇచ్చారు. ఎండకి మాడిపోతున్నానని అతను గొడవ చేస్తే ఓ గొడుగు కూడా ఇచ్చారు. షిఫ్టు గంట కొట్టగానే పైనుంచి నీళ్లు మొదలయ్యేవి. భోజనాల గంట కొట్టగానే ఆగేవి. ఇదివరకు వానాకాలంలో మాత్రమే తడిసే సన్యాసమ్మ ఇప్పుడు రోహిణీకార్తెలో కూడా నియమం తప్పకుండా తడవసాగింది.

“ఓ పోలయ్య మావా! కాస్త పక్కకి పొయ్యి బాబూ!” అని ఆమె కిందనుంచి అరిచింది.

“ఎట్టా పోసీది పిల్లా? సిల్లు దాటి పోస్తే నా మీద చర్య తీసుకుంటారంట,” అన్నాడు పోలయ్య గొడుగు కిందనుంచి తొంగి చూసి.

ఆమె కూడా ఇంటినుంచి గొడుగు తెచ్చుకుని విప్పబోయింది. జగ్గారావు పరుగెత్తుకొచ్చాడు. గొడుగు విప్పితే సౌకర్యాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నట్టవుతుందట. చక్రధర్ కూడా విప్పొద్దనే అన్నాడు. గొడుగు విప్పాక పోసిన నీళ్లు తన లెక్కలోకి రావేమోనని ఆయన అనుమానం. యాజమాన్యమూ యూనియనూ ఒక్కమాట మీదికి రావడం ఆ మిల్లు చరిత్రలో అదే మొదటిసారి. గొడుగుని స్టోరు గదిలో భద్రపరిచారు.

చుక్క ఎలా ఉండాలన్న దాని మీద చర్చలు జరిగాయి. ధారగా పడితే అది స్నానం అవుతుంది, కారడం కాదని మేనేజరు వాదించాడు. చుక్కకీ చుక్కకీ మధ్య ఆరిపోయేంత వ్యవధి ఉంటే అది మోసమని జగ్గారావు వాదించాడు. నీళ్లు బావివా, కుళాయివా, వడగట్టినవా అన్న దాని మీద ఉపసంఘం వేశారు. ఉపసంఘం వాళ్లు షెడ్డుకి వచ్చి సన్యాసమ్మ నెత్తి మీద వేలితో తాకి, తడి తృప్తికరంగా ఉందని రాసుకుని, టీ తాగి వెళ్లారు.

“నాకు ఊపిరాడటం లేదు బాబూ,” అంది సన్యాసమ్మ వాళ్లలో ఒకాయనతో.

“ఊపిరి మా పరిధిలోకి రాదమ్మా. మాది చుక్కే,” అన్నాడాయన జాలిగా.

ఇంతలో తక్కిన విభాగాలు మేలుకున్నాయి. ఈ నలుగురికేనా చుక్క? మేమేం పాపం చేశాం? నూలు వడికేవాళ్లు గేటు దగ్గర బైఠాయించారు. బేళ్లు కట్టేవాళ్లు ‘పొడి వివక్ష నశించాలి’ అని అట్టలు పట్టుకున్నారు. లెక్కల విభాగం గుమాస్తాలు, ఎప్పుడూ ఏ సమ్మెలోనూ చేరనివాళ్లు, తమ బల్లల మీద కూడా కారాలని మహజరు పెట్టుకున్నారు. గేటు కాపలాదారుకి అసలు కప్పే లేదు, కనక ముందు కప్పు వేసి తరవాత దానికి చిల్లు పెట్టాలని కోరాడు.

చక్రధర్ రెండు రోజులు తల పట్టుకున్నాడు. మూడో రోజు తల వదిలి లెక్క కట్టాడు. లెక్కలో ఒక అద్భుతం తేలింది. కొత్త వేతన ఒప్పందంలో జీతాలు పెంచడం కంటే అందరికీ చుక్క ఇవ్వడమే చవక. తడి భత్యం పేరుకి కాస్త పెట్టి, జీతం పెంపు ఎత్తేస్తే కంపెనీకి బోలెడు మిగులు. పై ఆఫీసు వాళ్లు మెచ్చుకుంటూ టెలిగ్రాం లాంటి ఈమెయిలు పంపించారు. జగ్గారావుకి కూడా ఇది మహా విజయంగానే తోచింది. మిల్లంతా ఒకే చుక్క! ఏ నాయకుడు సాధించాడు? జీతం పెంపు మాటేమిటని ఎవరో వెనకనుంచి అడిగితే, “ముందు తడుద్దాం, తరవాత చూద్దాం” అన్నాడు.

ఒప్పందం తయారైంది. దాని ప్రకారం కారడం శాశ్వతం. ఎవరూ రేకు బాగుచెయ్యడానికి వీల్లేదు. సంతకాలకి ముహూర్తం కూడా పెట్టారు. జగ్గారావు పురోహితుణ్ణి పిలిపిస్తూ, “మాకిలాంటి నమ్మకాలు లేవు. యాజమాన్యం మనోభావాలు గౌరవిస్తన్నాం అంతే,” అన్నాడు. చక్రధర్ కూడా, “నేను ఇంజినీరుని, నాకు పట్టింపు లేదు. కార్మికుల మనోభావాల కోసం,” అన్నాడు. ప్రభుత్వానికి నమ్మకాలు ఉండవని మార్కండేయులు గారు స్పష్టం చేసి, రాహుకాలం ఎన్నింటికో అడిగి తెలుసుకున్నారు.

కాంటీను హాల్లో వేదిక కట్టారు. వేదిక మీద కప్పుకి కొత్తగా చిల్లు పెట్టి, దానికి రిబ్బను కట్టారు. తొలి లబ్ధిదారు కాబట్టి సన్యాసమ్మని మెడలో బంతిపూల దండ వేసి, మధ్యలో కుర్చీలో, సరిగ్గా చిల్లు కింద కూర్చోబెట్టారు. ముహూర్తాలకి ఆమెని ఎవరూ పిలవరన్న సంగతి ఆ హడావిడిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. సూపరువైజరుకి గుర్తొచ్చింది కానీ అప్పటికే రిబ్బను కత్తిరించేశారు.

ఆమె మనసు మనసులో లేదు. ఈ కాగితం మీద సంతకాలు పడ్డాక ఇంక ఈ జన్మకి తన తల ఆరదు. డాక్టరమ్మ మాట చెవిలో మోగుతోంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆనందబాష్పాలని ఫొటో తీసేట్టున్నారని ఆపుకుంది.

“శుభం!” అన్నాడు పురోహితుడు.

మేనేజరు కలం మూత తీశాడు. జగ్గారావు కలం మూత తీశాడు. పైనుంచి పోలయ్య ఓ చుక్క వదిలాడు.

“హాచ్!”

హాలంతా బిగుసుకుపోయింది. చక్రధర్ కలం కాగితానికి అంగుళం పైన ఆగింది. జగ్గారావు మెల్లగా సన్యాసమ్మవైపు తిరిగాడు. వెనక వరసల్లోవాళ్లు లేచి నిలబడి మెడలు సాచారు. అందరూ రెండోదాని కోసం చూస్తున్నారు.

“తల్లీ,” అన్నాడు పురోహితుడు ఆశగా, “ఇంకొక్కటి?”

“రాదు బాబూ. నాకెప్పుడూ రాదు,” అంది సన్యాసమ్మ ముక్కు తుడుచుకుంటూ.

అందరూ కూర్చుని మంచినీళ్లు తాగారు. కాసేపాగి మళ్లీ మొదలెట్టారు. కలాల మూతలు తీయగానే మళ్లీ తుమ్మింది, మళ్లీ ఒక్కటే. మూడోసారి మంచినీళ్లు తాగుతుండగా రాహుకాలం వచ్చేసింది.

“నాకేమీ పట్టింపు లేదు, కానీ...” అన్నాడు చక్రధర్.

“మాకూ లేదు, కానీ...” అన్నాడు జగ్గారావు.

“ప్రభుత్వానికి అసలే లేదు,” అంటూ మార్కండేయులు గారు మూడు కలాలూ జేబులో పెట్టేసుకున్నారు.

ఆమెని వేదిక మీద నుంచి దింపేస్తే సరిపోయేది కదా అని ఎవరో అన్నారు. కానీ తొలి లబ్ధిదారు సమక్షంలో సంతకాలు జరగాలని జగ్గారావే ముచ్చటపడి ఒప్పందం మొదటి పేరాలో రాయించాడు. అది మార్చాలంటే చర్చలన్నీ మొదటినుంచి మొదలెట్టాలి. ఉపసంఘంతో సహా. ఆ మాట వినగానే ఇద్దరికీ నీరసం వచ్చింది.

మర్నాడు మార్కండేయులు గారు ఉత్తర్వు ఇచ్చారు. ‘లబ్ధిదారు తుమ్ములకు కారణము రొంప. రొంపకు కారణము కారుట. కావున రొంప తగ్గువరకు కారుట నిలుపుదల చేయవలెను. కొత్త ఒప్పందముపై సంతకములు జరుగువరకు పాత ఒప్పందమే అమలులో ఉండును.’

గున్నమ్మ కాగితం చదివించుకుని వచ్చి సన్యాసమ్మ చెవిలో ఊదింది. “ఒలే, పాత ఒప్పందం అమల్లో ఉందంటే భత్యం ఇస్తారంట. చుక్క లేదంట, డబ్బులున్నాయంట! కొత్తది కాకపోతే జీతాల పెంపు ఎత్తెయ్యడం కూడా లేదంట. ఏటే ఇది, నిజమేనా?”

“సంతకాలు అయ్యేదాకానేనంట కదే,” అంది సన్యాసమ్మ. అన్నాక ఆలోచనలో పడింది.

చిల్లులకి తారు పూశారు. పోలయ్య గొడుగు వదల్లేక వదిలి గిన్నెలు తోముకోడానికి దిగిపోయాడు. సన్యాసమ్మ జడలోకి మళ్లీ కనకాంబరాలు వచ్చాయి. నెల తిరిగేసరికి ఛాతీలో గరగర పోయింది. గవరయ్య పొద్దున్నే బండి తోసుకుని ఒకేసారికి వీధి దాటిపోతుంటే ఇరుగుపొరుగు వింతగా చూశారు. డాక్టరమ్మ గొట్టం పెట్టి విని, “శుభ్రంగా తగ్గిపోయింది. ఇంక నువ్వు తుమ్మవు,” అంది సంతోషంగా.

సన్యాసమ్మ సంతోషించబోయి ఆగింది. నెల తిరిగేసరికి తగ్గుతుందని లెక్కేసి సంతకాలకి పెట్టిన కొత్త ముహూర్తం రేపే.

తుమ్మకపోతే కలాలు కదులుతాయి. కలాలు కదిలితే మిల్లంతా కారుతుంది, అదీ శాశ్వతంగా. రొంప తగ్గడమే తిరిగి రొంపలోకి దారితీస్తుందని మార్కండేయులు గారికి తట్టకపోయినా ఆమెకి తట్టింది. ఆసుపత్రినుంచి ఇంటికి వెళ్లే దారిలో బడ్డీ కొట్టు దగ్గర ఆగింది.

“ముక్కుపొడుం ఉందా బాబూ?”

“నువ్వెప్పట్నుంచి మొదలెట్టావు?” అన్నాడు కొట్టువాడు.

“ఇయ్యాల్టినుంచే. ఘాటైంది సూసి ఇయ్యి.”

మర్నాడు వేదిక మీద ఆమె బంతిపూల దండతో, చక్కగా ఆరిన తలతో కూర్చుంది. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. రొంప తగ్గిందని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం పురోహితుడి చేతిలో తాంబూలంతో పాటు ఉంది. బయట మబ్బు పట్టింది. ఆషాఢం దగ్గర పడుతోంది.

“శుభం!”

కలాల మూతలు ఊడాయి. సన్యాసమ్మ చీరకొంగుతో ముఖం తుడుచుకుంటున్నట్టు వంగి, కొంగు ముడిలో ఉన్నదాన్ని గట్టిగా ఓ పట్టు పీల్చింది.

“హాచ్!”

హాలు కప్పు అదిరింది. మేనేజరు చేతిలోంచి కలం జారి కింద దొర్లింది. అందరి మెడలూ సాగాయి. అందరి కళ్లూ ఆమె ముక్కుమీదే.

అప్పుడు జరిగింది ఎన్నడూ జరగనిది. కొట్టువాడు ఇచ్చిన సరుకు నిజంగానే ఘాటైనది. లోపల ఎక్కడో అడుగున రెండో తుమ్ము కదిలింది. ఇన్నేళ్లుగా గవరయ్య కోసం, పెళ్లిళ్ల కోసం, శంకుస్థాపనల కోసం రమ్మంటే రానిది, ఇప్పుడు పిలవకుండా పైకి వస్తోంది. ముక్కు చివర దురద పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పురోహితుడు ముందుకి వంగాడు.

“వస్తోంది! వస్తోంది!” అన్నాడు జగ్గారావు ఊపిరి బిగబట్టి.

సన్యాసమ్మ కొంగుతో ముక్కు గట్టిగా నొక్కేసుకుంది. ముఖం ఎర్రబడింది, చెవులు గుయ్యిమన్నాయి. నోరు తెరవకుండా, గుటక వేసినట్టు ఒక్కసారి గొంతు కదిలింది. ఆ తుమ్ము వచ్చిన దారినే వెనక్కి పోయింది.

“రాలేదు బాబూ,” అంది చిన్నగా.

మార్కండేయులు గారు నిట్టూర్చి, కలాలు జేబులో పెట్టుకుని లేచారు. “వర్షాకాలము ముగిసిన పిమ్మట సమావేశమవుదాం. అంతవరకు యథాతథస్థితి.”

జనం మంచినీళ్ల కోసం లేచారు. జగ్గారావు ఆమె దగ్గరికి వచ్చి దిగులుగా నిలబడ్డాడు. “సన్యాసమ్మా, తగ్గిపోయిందని డాక్టరమ్మ రాసింది కదా. మళ్లీ ఏటిది?”

“ఏటి తగ్గుద్ది బాబూ? వర్గం కోసం తడిసిన ఒళ్లు కదేటి,” అంది సన్యాసమ్మ.

ఆయన తల పంకించి, రేపటి గేటు మీటింగులో ఈ మాట వాడుకోవచ్చా అని ఆలోచిస్తూ వెళ్లిపోయాడు.

షిఫ్టు గంట కొట్టారు. సన్యాసమ్మ తన మిషను దగ్గరికి వచ్చి కూర్చుంది. బయట వాన మొదలైంది, మొదటి పెద్ద వాన. రేకుల మీద దడదడ మోగుతోంది. ఆమె తల ఎత్తి చూసింది. ఒక్క చుక్క కూడా పడలేదు. జడలో కనకాంబరాలు తడిమి చూసుకుని, సంచి మూతి మిషను కిందకి తోసింది.

అప్పుడు, ఎవరూ చూడని సమయంలో, మింగేసిన రెండో తుమ్ము వచ్చింది.